రెండు పవర్ యాంప్‌ల ధ్వని పోల్చడం: ముందు వోల్టులు, తర్వాతే చెవులు

మంద్రశ్రుతి | పోస్ట్ 1

అందరికీ నమస్కారం. రెండు స్టీరియో పవర్ యాంప్‌లను ఒకే స్పీకర్ల మీద సరిగ్గా పోల్చాలి. ఒకటి ట్రాన్సిస్టర్ యాంప్, క్లాస్ ఏబీ, 8 ఓమ్స్‌కి 80 వాట్లు, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 29 డెసిబెల్స్ (డీబీ). రెండోది ఈఎల్34 వాల్వులు (గాజు ట్యూబులు) జంటగా పనిచేసే పుష్‌పుల్ యాంప్, 30 వాట్లు, గెయిన్ 26 డీబీ. దాన్ని 8 ఓమ్స్ ట్యాప్‌కి (ఆ ఓమ్స్ స్పీకర్ల కోసం ఉన్న టెర్మినల్‌కి) కలిపాను. స్పీకర్లు టూవే బాస్ రిఫ్లెక్స్, వెనక 6 ఓమ్స్ అని ఉంది, సెన్సిటివిటీ 88 డీబీ.

తీగలు మార్చి మార్చి వింటే ట్రాన్సిస్టర్‌ది విప్పారినట్టు, వివరంగా ఉంది. వాల్వుది కింద నిండుగా, గొంతు ముందుకొచ్చి, పైన మెత్తగా ఉంది. ఇందులో నిజంగా యాంప్ వల్ల వచ్చేది ఎంత, మిగతాది ఎంత? పోలిక ఎలా పెడితే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు?

ఓంకారం | పోస్ట్ 2

మంద్రశ్రుతి గారూ, జవాబు మీ పోస్టులోనే సగం ఉంది. 29 డీబీ, 26 డీబీ. వాల్యూమ్ ముట్టుకోకుండా తీగలు మార్చారంటే ట్రాన్సిస్టర్ యాంప్ 3 డీబీ గట్టిగా మోగింది. అంత తేడా ఉంటే చెవికి "గట్టిగా ఉంది" అని కూడా తోచదు, "వివరంగా ఉంది, విప్పారింది" అనే తోస్తుంది. పోలికలు చాలావరకు ఇక్కడే పప్పులో కాలేస్తాయి. ముందు లెవెల్ కలపండి. పద్ధతి ఇది:

ప్లేయర్లో 1 కిలోహెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి. టోన్ ఫైలు లెవెల్ మైనస్ 12 డీబీ ఉంటే నయం, డాక్ (డిజిటల్ ఫైలును సిగ్నల్‌గా మార్చే భాగం) ఎక్కడా అంచుకు తగలదు. స్పీకర్ కలిపే ఉంచి, స్పీకర్ వెనక టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టులు చూడండి. యాంప్ వెనక కాదు, స్పీకర్ వెనక. తీగలో పోయేది కూడా లెక్కలోకి రావాలి. మొదటి యాంప్ మీద 2.83 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ పెట్టండి, 8 ఓమ్స్‌కి అది 1 వాటు. రెండో యాంప్ మీదా అదే 2.83 రావాలి. 0.1 డీబీ అంటే 1.16 శాతం, కాబట్టి 2.80 నుంచి 2.86 లోపల ఉంటే సరిపోయినట్టే. ఎడమ, కుడి విడివిడిగా చూడాలి.

కలపడానికి గెయిన్ ఎక్కువున్న యాంప్ ఇన్‌పుట్‌లో, ఛానెల్‌కి ఒకటి చొప్పున, 10 కిలోఓమ్స్ మల్టీటర్న్ ట్రిమ్మర్ (స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పే రెసిస్టర్) పెట్టండి. పైకాలు సోర్స్‌కి, కింది కాలు గ్రౌండ్‌కి, మధ్య కాలు యాంప్‌కి. మామూలు డబుల్ వాల్యూమ్ పాట్ వద్దు. కింది భాగంలో తిప్పినప్పుడు దాని రెండు గ్యాంగుల మధ్య 1 నుంచి 2 డీబీ తేడా రావడం మామూలే. ఎడమకి కలిపితే కుడి తప్పుతుంది.

ఇదయ్యాక అసలు పని ఉంది: అదే సెట్టింగ్ మీద 65, 180, 1000, 2500, 10000 హెర్ట్జ్ దగ్గర రెండు యాంప్‌ల రీడింగులు రాసుకోండి. 10 కిలోహెర్ట్జ్ టోన్ 5 సెకన్లు మించి ఉంచొద్దు, ట్వీటర్ వేడెక్కుతుంది. మీ చెవికీ మంచిది కాదు.

మంద్రశ్రుతి | పోస్ట్ 3

మల్టీమీటర్ సాధారణమైనదే, ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉంది. పోనీ ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి లెవెల్ కలిపితే చాలదా? స్పీకర్ వెనక్కి చేయి దూరడం కాస్త కష్టం.

నిదానం | పోస్ట్ 4

యాప్‌తో కుదరదండి. ఫోన్ చెయ్యి మందం జరిగినా గదిలో ప్రతిధ్వనుల కూడిక మారి ఒకటి రెండు డీబీలు అటూఇటూ అవుతుంది. మనకు కావాల్సింది 0.1. స్పీకర్ వెనక్కి చేయి దూరకపోతే టెర్మినల్స్‌కి రెండు సన్నటి తీగలు కట్టి ముందుకు తెచ్చుకోండి. మీటర్ కరెంటు లాగదు కాబట్టి సన్నటి తీగైనా తేడా రాదు. వాటి కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి.

మీటర్ గురించి ఒక మాట. సాధారణ మల్టీమీటర్లు ఏసీలో 400 హెర్ట్జ్ నుంచి 1 కిలోహెర్ట్జ్ దాకానే నమ్మకంగా చూపిస్తాయి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అంకె చాలా తప్పుగా రావచ్చు. కంగారు పడొద్దు. ఒకే మీటర్, ఒకే ఫ్రీక్వెన్సీ, రెండు యాంప్‌లు: ఈ మూడూ ఉంటే మీటర్ తప్పు రెండింటికీ సమానమే, నిష్పత్తి సరిగ్గానే వస్తుంది. 1 కిలోహెర్ట్జ్ అంకెను 10 కిలోహెర్ట్జ్ అంకెతో మాత్రం నేరుగా పోల్చకండి.

వాల్వు_వెలుగు | పోస్ట్ 5

వాల్వు యాంప్ ఉంది కాబట్టి ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. స్పీకర్ గానీ డమ్మీ లోడు (స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్) గానీ లేకుండా దానికి సిగ్నల్ ఇవ్వొద్దు. లోడు లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ విపరీతంగా ఎగసి ఇన్సులేషన్ చిల్లుపడొచ్చు, సాకెట్ పిన్నుల మధ్య నిప్పురవ్వలు రావచ్చు. తీగలు మార్చే అర నిమిషంలో కూడా ఇది జరగొచ్చు. టెర్మినల్స్ మధ్య 220 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా టంకం పెట్టేయండి. ధ్వనికి ఏమీ కాదు, భద్రతకి పనికొస్తుంది. అయినా అది లోడుకి బదులు కాదు, ఆ క్షణాన్ని దాటించే ఊతం మాత్రమే.

ఓంకారం గారు ఇచ్చిన పద్ధతితో నాకు పేచీ లేదు. కానీ 1 కిలోహెర్ట్జ్ దగ్గర కలిపిన తర్వాత కూడా వాల్వు యాంప్ తేడాగా వినిపిస్తుంది, అది భ్రమ కాదు. ఎందుకో తెలియాలంటే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (యాంప్ లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు, ఓమ్స్‌లో) కొలవాలి. ట్రాన్సిస్టర్ యాంప్‌కైతే లోడు తీసేసి ఒక రీడింగు, 8 ఓమ్స్ పెట్టి ఒక రీడింగు తీసుకుంటే సరి. వాల్వుకి అలా తీసేయకూడదు కదా, అందుకే రెండు లోడ్ల పద్ధతి. 8 ఓమ్స్ 50 వాట్ల రెసిస్టర్లు రెండు తీసుకోండి. ఒకటే పెట్టి ఒక రీడింగు, రెండూ సిరీస్‌లో పెట్టి 16 ఓమ్స్ మీద ఇంకో రీడింగు. ఇన్‌పుట్ కదల్చొద్దు. రెండు వోల్టేజీల తేడా పైన రాయండి. కింద: 8 ఓమ్స్ రీడింగును 8తో భాగించి, అందులోంచి 16 ఓమ్స్ రీడింగును 16తో భాగించినది తీసేయండి. పైదాన్ని కిందిదానితో భాగిస్తే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వస్తుంది.

టంకంతీగ | పోస్ట్ 6

మార్చి వినడానికి రిలే పెట్టె కట్టుకోండి. తీగలు విప్పి బిగించేలోపు ముందు విన్నదాని సన్నటి వివరం మనసులోంచి జారిపోతుంది.

కావాల్సినవి: రెండు పోల్స్, రెండు త్రోల 12 వోల్టుల రిలేలు రెండు, ఛానెల్‌కి ఒకటి. కాంటాక్టులు 8 నుంచి 10 యాంపియర్లవి. కాయిల్ మీద తలకిందులుగా ఒక్కో 1ఎన్4007 డయోడ్. స్పీకర్ ప్లస్, మైనస్ రెండూ రిలే కామన్ కాళ్లకి, యాంప్ ఏ మామూలుగా కలిసి ఉండే కాళ్లకి, యాంప్ బీ తెరుచుకుని ఉండే కాళ్లకి.

"మైనస్‌లన్నీ గ్రౌండే కదా, ఒకచోట కలిపేద్దాం" అనుకోవద్దు. బ్రిడ్జ్ రకం యాంప్‌లలో (రెండు తీగల్లోనూ సిగ్నల్ పంపేవి), చాలా క్లాస్ డీ (స్విచ్చింగ్ రకం) బోర్డుల్లో, నల్ల టెర్మినల్ కూడా లైవే. దాన్ని ఇంకో యాంప్ గ్రౌండ్‌కి తగిలిస్తే అవుట్‌పుట్ ఐసీ పోతుంది. అందుకే రెండు తీగలూ మార్చాలి.

వాల్వు యాంప్‌ని వింటున్నప్పుడు సరే, వినని సమయంలో దానికి 8 ఓమ్స్ డమ్మీ లోడు తగిలేలా ఇంకో రిలే కావాలి. రిలే ఒక కాంటాక్టు వదిలి ఇంకోటి పట్టుకునే మధ్య కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. అక్కడ వాల్వు_వెలుగు గారు చెప్పిన 220 ఓమ్స్ ఆదుకుంటుంది.

ఇంకా రెండు జాగ్రత్తలు. పెద్ద వాల్యూమ్‌లో మార్చొద్దు, కాంటాక్టుల మధ్య ఆర్క్ సాగితే రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌లు ఒక్క క్షణం కలిసే ప్రమాదం ఉంది. పాటను ఆపి మార్చడం ఉత్తమం. రెండోది: రిలే పట్టుకునేటప్పటి "టిక్" వేరు, వదిలేటప్పటి "టిక్" వేరు. చెవి దాన్ని పట్టేస్తుంది, యాంప్ ఏదో దాన్నిబట్టే తెలిసిపోతుంది. పెట్టెను వేరే గదిలోనో, మందపాటి దుప్పటి కిందో ఉంచండి.

స్వరజ్ఞ | పోస్ట్ 7

అందరూ మీటర్ల గురించే మాట్లాడుతున్నారు. యాంప్ గుణం పది సెకన్ల ముక్కలు మార్చి మార్చి వింటే తెలియదు. వారాల తరబడి మన గదిలో, మనకు బాగా తెలిసిన సంగీతంతో వింటేనే తెలుస్తుంది. తంబూర శ్రుతి కిందున్న గాలి, మృదంగం తొప్పి మీద చెయ్యి ఆనిన ఒత్తిడి, ఇవి మీటర్లో కనపడవు. స్విచ్ నొక్కుతూ వింటే మనసు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతుంది, సంగీతం వినదు.

ఓంకారం | పోస్ట్ 8

స్వరజ్ఞ గారూ, తొందర పడితే వినికిడి బిగుసుకుంటుందన్నది నిజం. ఆ అభ్యంతరానికి జవాబు కూడా పరీక్షలోనే ఉంది. ఏబీఎక్స్ అనే గుడ్డి పరీక్షలో సమయానికి హద్దు లేదు. ఏ ఇది, బీ ఇది అని ముందు తెలిసే వింటారు. తర్వాత ఎక్స్ ఇస్తారు, అది ఆ రెండింట్లో ఒకటి, ఏదో ఎవరికీ తెలియదు. మీరు ఒక్కో ఎక్స్‌ని వారం రోజులు విని జవాబు రాయొచ్చు. పెట్టాల్సిన షరతు ఒకటే: లెవెల్ కలిసి ఉండాలి, ఏది మోగుతోందో కంటికి కనపడకూడదు.

లెక్క తెలిసి మొదలుపెట్టండి. 10 సార్లలో 8 సరైనవి గుడ్డిగా ఊహించినా 5.5 శాతం అవకాశంతో వచ్చేస్తాయి. 9 వస్తే ఆ అవకాశం సుమారు 1 శాతం. నా మొగ్గు 16 సార్లకి. అందులో 12 లేదా అంతకు మించి సరైతే, ఊహతో అలా పడే అవకాశం 3.8 శాతం. ఎన్నిసార్లు వింటారో ముందే నిర్ణయించుకోండి. "ఇంకో రెండు విందాం" అంటూ పొడిగిస్తే ఆ లెక్క చెల్లదు.

మృదంగం తొప్పి ఒత్తిడి మీటర్లో కనపడదన్నారు. కనపడుతుంది. అది 60 నుంచి 200 హెర్ట్జ్ మధ్య వ్యవహారం, సరిగ్గా స్పీకర్ ఇంపీడెన్స్ ఎగుడుదిగుడుగా ఉండే చోటు. అందుకే మంద్రశ్రుతి గారిని 65, 180 దగ్గర రీడింగులు అడిగాను.

స్విచ్చింగ్_రేటు | పోస్ట్ 9

క్లాస్ డీ బోర్డులు పోల్చేవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే చెప్తాను, టాపిక్‌కి దగ్గరే.

చవక బోర్డుల్లో ఫీడ్‌బ్యాక్‌ను (అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు దిద్దడానికి వెనక్కి పంపే సిగ్నల్‌ను) అవుట్‌పుట్ ఫిల్టర్‌కి ముందు నుంచే తీస్తారు. అంటే ఫిల్టర్ ఏం చేసినా దాన్ని సరిదిద్దేవాడు లేడు. బ్రిడ్జ్ అవుట్‌పుట్‌లో ఒక్కో వైపు 10 మైక్రోహెన్రీ, 1 మైక్రోఫారడ్ అనుకోండి. మలుపు (ఫిల్టర్ కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 50 కిలోహెర్ట్జ్ దగ్గర. 4 ఓమ్స్ లోడుకి 20 కిలోహెర్ట్జ్ వద్ద 0.4 డీబీ తగ్గుతుంది. 8 ఓమ్స్‌కి 0.9 డీబీ పెరుగుతుంది. ట్వీటర్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పైన స్పీకర్ ఇంపీడెన్స్ ఇంకా పెరిగితే 1.5 డీబీ దాకా పోతుంది. ఒకే బోర్డు ఒకరికి "మెత్తన", ఇంకొకరికి "గుచ్చుకుంటోంది". ఇద్దరూ నిజమే చెప్తున్నారు, స్పీకర్లు వేరు. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసే డిజైన్లలో ఈ గొడవ దాదాపు ఉండదు. బ్రూనో పుట్జీస్ అనే డిజైనర్ చేసిన యూసీడీ, ఎన్‌కోర్ ఆ కోవలోవే.

కొలిచేటప్పుడు: అవుట్‌పుట్‌లో మిగిలే కొన్ని వందల కిలోహెర్ట్జ్ క్యారియర్ (స్విచ్చింగ్ తరంగం) మీటర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. మీటర్ ముందు 100 ఓమ్స్ సిరీస్‌లో, 47 నానోఫారడ్ అడ్డంగా పెడితే మలుపు 34 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, క్యారియర్ పోతుంది. 10 కిలోహెర్ట్జ్ కొలత కాస్త తగ్గినా పోల్చే రెండింటికీ అదే ఫిల్టర్ ఉంచితే చాలు. ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్‌ను బ్రిడ్జ్ అవుట్‌పుట్ మైనస్‌కి తగిలించొద్దు. రెండు ప్రోబులు పెట్టి ఒకదాన్నుంచి ఇంకోటి తీసి చూడండి.

మంద్రశ్రుతి | పోస్ట్ 10

కొలిచాను. 1 కిలోహెర్ట్జ్ దగ్గర రెండూ 2.83కి కలిపాక, ఎడమ ఛానెల్, స్పీకర్ వెనక:

65 హెర్ట్జ్: ట్రాన్సిస్టర్ 2.84, వాల్వు 3.12
180 హెర్ట్జ్: ట్రాన్సిస్టర్ 2.81, వాల్వు 2.41
2500 హెర్ట్జ్: ట్రాన్సిస్టర్ 2.84, వాల్వు 3.06
10000 హెర్ట్జ్: ట్రాన్సిస్టర్ 2.82, వాల్వు 2.58

కుడివైపు కూడా వందో వంతు వోల్టు తేడాతో ఇవే. రెండు లోడ్ల పద్ధతిలో వాల్వు యాంప్: 8 ఓమ్స్ మీద 2.78, 16 ఓమ్స్ మీద 3.03. భాగిస్తే 1.6 ఓమ్స్ వచ్చింది. ట్రాన్సిస్టర్ యాంప్ తీగతో కలిపి 0.06.

లెవెల్ కలిపాక ట్రాన్సిస్టర్‌లో ఆ "విప్పారిన" గుణం పోయింది. వాల్వులో నిండుదనం, మెత్తదనం మాత్రం అలాగే ఉన్నాయి.

ఓంకారం | పోస్ట్ 11

చక్కటి రీడింగులు. ఇక వీటిని చదువుదాం.

వాల్వు యాంప్ లోపల 1.6 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో దాక్కుని ఉందనుకోండి. స్పీకర్ ఇంపీడెన్స్ ఎక్కువున్నచోట వోల్టేజీ దాదాపు పూర్తిగా స్పీకర్‌కి చేరుతుంది, తక్కువున్నచోట లోపలే కొంత తినేస్తుంది. మీ అంకెల్నిబట్టి మీ స్పీకర్ 65 దగ్గర సుమారు 24 ఓమ్స్, 180 దగ్గర 4 ఓమ్స్ కాస్త పైన, 2500 క్రాసోవర్ (వూఫర్, ట్వీటర్ పని పంచుకునే చోటు) దగ్గర 18, 10000 దగ్గర 5.5 ఉండాలి. అంటే 6 ఓమ్స్ స్పీకర్ అని రాసినది 4 నుంచి 24 దాకా ఊగుతోంది.

డీబీల్లో చూస్తే ట్రాన్సిస్టర్‌తో పోల్చి వాల్వు 65 దగ్గర 0.8 ఎక్కువ, 180 దగ్గర 1.3 తక్కువ, 2500 దగ్గర 0.6 ఎక్కువ, 10000 దగ్గర 0.8 తక్కువ. ఇప్పుడు మీ మొదటి పోస్ట్ మళ్లీ చదవండి: కింద నిండుగా, గొంతు ముందుకొచ్చి, పైన మెత్తగా. మీ చెవి వరుసగా ఈ అంకెల్నే చదివింది. స్పీకర్ మారిస్తే ఇవే మాటలు రావు. ఇంపీడెన్స్ గీత చదునుగా ఉండే స్పీకర్ మీద ఈ వాల్వు యాంప్ మీ ట్రాన్సిస్టర్‌కి చాలా దగ్గరగా వినిపిస్తుంది.

పరీక్షగా ట్రాన్సిస్టర్ యాంప్ ప్లస్ తీగలో, ఛానెల్‌కి ఒక్కో 1.5 ఓమ్స్ 25 వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. లెవెల్ 1.3 డీబీ పడిపోతుంది, ట్రిమ్మర్ తిప్పి మళ్లీ 2.83కి తేవాలి. అది మరిచిపోతే మొదటికే వచ్చినట్టు. తర్వాత అవే అయిదు రీడింగులు తీయండి. అవి కలిస్తే రెండింటినీ ఏబీఎక్స్‌లో వినండి. అప్పటికీ వాల్వు వేరుగా వినిపిస్తే దానికి కారణం డిస్టార్షన్‌లోనో, హమ్‌లోనో, ట్రాన్స్‌ఫార్మర్ అంచుల్లోనో వెతకాలి.

వాల్వు_వెలుగు | పోస్ట్ 12

ఈ దారి కొత్తది కాదు. 1985లో బాబ్ కార్వర్ అనే యాంప్ డిజైనర్ తన ట్రాన్సిస్టర్ యాంప్‌ను ఒక పేరున్న వాల్వు యాంప్‌లా మార్చి చూపించాడు. రెండింటి అవుట్‌పుట్‌ల మధ్య మిగిలిన తేడాను అసలు సిగ్నల్ కన్నా 70 డీబీ కిందికి దించాడు. స్టీరియోఫైల్ పత్రికవాళ్లు విని తేడా చెప్పలేకపోయారు.

అంత లోతుకు దించడం ఎంత కష్టమో గ్రహించాలి. లెవెల్లో 0.1 డీబీ తేడా ఉంటే తేడా సిగ్నల్ 39 డీబీ దగ్గరే ఆగిపోతుంది. ఫేజ్‌లో ఒక్క డిగ్రీ తప్పితే 35 దగ్గరే. అందుకే తేడా సిగ్నల్ పెద్దగా కనపడినంత మాత్రాన చెవికి తేడా ఉందని అనకూడదు. చిన్నగా ఉంటే మాత్రం లేదని ధైర్యంగా అనొచ్చు.

మంద్రశ్రుతి గారూ, మీకు ఇంకో మార్గం కూడా ఉంది, టంకం అక్కర్లేనిది. స్పీకర్‌ను 4 ఓమ్స్ ట్యాప్‌కి మార్చండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి వల్ల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు సగమై 0.8కి వస్తుంది. గెయిన్ 3 డీబీ తగ్గుతుంది. మీ స్పీకర్ కనిష్ఠం 4 కాబట్టి వాల్వులకూ అదే హాయి.

నిదానం | పోస్ట్ 13

క్లిప్పింగ్ (యాంప్ హద్దు దాటి తరంగం కొసలు తెగిపోవడం) సంగతి ఎవరూ ఎత్తలేదు. 2.83 వోల్టుల దగ్గర రెండు యాంప్‌లూ తీరిగ్గా ఉంటాయి. పాటలో అలా ఉండదు.

సగటున 2 వాట్లు పోతున్న పాటలో శిఖరాలు సగటు కన్నా 15 డీబీ పైకి లేస్తే ఆ క్షణాన 63 వాట్లు కావాలి. 80 వాట్ల యాంప్ తట్టుకుంటుంది, 30 వాట్లది తలకొట్టుకుంటుంది. 30 వాట్లంటే 8 ఓమ్స్ మీద శిఖరం 21.9 వోల్టులు, 80 వాట్లంటే 35.8. మధ్య దూరం 4.3 డీబీ మాత్రమే, కానీ పాట సరిగ్గా ఆ సందులో పడితే ధ్వని మారిపోతుంది. వాల్వు యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ తక్కువ గనక శిఖరం గుండ్రంగా ఒరుగుతుంది, మృదంగం దెబ్బ "మెత్తబడినట్టు" వినిపిస్తుంది. ట్రాన్సిస్టర్‌లో కత్తిరించినట్టు చదునవుతుంది, చిటపట అంటుంది.

ఆసిలోస్కోప్ లేకపోతే సౌండ్ కార్డుతో చూడొచ్చు. స్పీకర్ ప్లస్ నుంచి 47 కిలోఓమ్స్, అక్కణ్నించి గ్రౌండ్‌కి 1 కిలోఓమ్. మధ్య బిందువు సౌండ్ కార్డ్ లైన్ ఇన్‌పుట్‌కి. 48 వంతుల్లో ఒకటి వస్తుంది, 36 వోల్టుల శిఖరం 0.75 వోల్టు. రికార్డ్ చేసి తరంగాన్ని పెద్దది చేసి చూడండి, పైకప్పు చదునైందో లేదో కంటికే కనపడుతుంది. ఇది మైనస్ గ్రౌండ్ అయిన యాంప్‌లకే. బ్రిడ్జ్ వాటికి తగిలించొద్దు.

పోలిక వినేటప్పుడు శిఖరం 20 వోల్టులు దాటకుండా వాల్యూమ్ పెట్టుకుంటే క్లిప్పింగ్ పోలికలోంచి తప్పుకుంటుంది. తర్వాత కావాలంటే దాన్ని విడిగా వినండి.

తీగలపందిరి | పోస్ట్ 14

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పాత క్లాస్ ఏబీ యాంప్ ఒకటి. చిన్న వాల్యూమ్‌లో గరుకుగా, వాల్యూమ్ పెంచితే బాగా ఉంటోంది. పెంచితే గరుకు పెరగాలి కదా?

టంకంతీగ | పోస్ట్ 15

అది క్రాసోవర్ డిస్టార్షన్ లక్షణం. ఒక ట్రాన్సిస్టర్ వదిలి రెండోది పట్టుకునే చోట చిన్న మెట్టు ఏర్పడుతుంది. సిగ్నల్ చిన్నదైతే మెట్టే పెద్ద భాగం, సిగ్నల్ పెరిగితే అందులో కలిసిపోతుంది. బయాస్ (సిగ్నల్ లేనప్పుడు కూడా పారే కొద్దిపాటి కరెంటు) తగ్గిపోయి ఉంటుంది.

ఇన్‌పుట్ షార్ట్ చేసి, స్పీకర్ తీసేసి, అరగంట వేడెక్కనివ్వండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల దగ్గరి తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఒకదాని మీద డీసీ మిల్లీవోల్టులు చూడండి. 0.22 ఓమ్ అయితే 10 మిల్లీవోల్టులకి 45 మిల్లీయాంపియర్లు. సర్వీస్ మాన్యువల్ చెప్పిన అంకె పెట్టండి, అది లేకపోతేనే 10 నుంచి 15 మధ్య. 26 మిల్లీవోల్టులు పైహద్దు అనుకోండి, అంతకు మించితే వేడి తప్ప లాభం లేదు. రెండు రెసిస్టర్ల బయటి కొసల మధ్య కొలిస్తే అంకె రెట్టింపు వస్తుంది, పొరబడొద్దు.

పాత ట్రిమ్మర్‌ను తిప్పే ముందే మార్చేయండి. చాలా డిజైన్లలో దాని వైపర్ ఒక్క క్షణం వదిలితే బయాస్ పూర్తిగా తెరుచుకుని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మొదటిసారి వెలిగించేటప్పుడు మెయిన్స్‌కి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి. అన్నీ కుదిరాక అవుట్‌పుట్ డీసీ 50 మిల్లీవోల్టుల లోపల ఉందని చూశాకే స్పీకర్ కలపండి.

మంద్రశ్రుతి | పోస్ట్ 16

1.5 ఓమ్స్ పెట్టి, లెవెల్ మళ్లీ కలిపాక ట్రాన్సిస్టర్ యాంప్: 65 దగ్గర 3.12, 180 దగ్గర 2.42, 2500 దగ్గర 3.06, 10000 దగ్గర 2.59. వాల్వుతో కలిసిపోయాయి.

వినడంలో ఒక చిక్కు. పాట మోగుతుంటే ఏది ఏదో తెలియడం లేదు. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలో తెలిసిపోతోంది, వాల్వు యాంప్‌లో సన్నటి "జ్‌జ్" ఉంది. ఇన్‌పుట్ షార్ట్ చేసినా పోవడం లేదు. మీటర్ 1.2 మిల్లీవోల్టులు చూపిస్తోంది.

టంకంతీగ | పోస్ట్ 17

ఇన్‌పుట్ షార్ట్ చేసినా ఉందంటే గ్రౌండ్ లూప్ కాదు, యాంప్ లోపలిదే. 88 డీబీ స్పీకర్ మీద 1.2 మిల్లీవోల్టులంటే మీటరు దూరంలో 20 డీబీ చిల్లర. శుద్ధంగా 100 హెర్ట్జ్ హమ్ అయితే ఆ మట్టంలో చెవికి అందదు. మీరు "జ్‌జ్" అంటున్నారు, అంటే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) పైస్థాయి హార్మోనిక్స్ కలిశాయి. 300, 400 హెర్ట్జ్ దగ్గర చెవి అంతకన్నా చాలా తక్కువను కూడా పట్టుకుంటుంది. రిజర్వాయర్ కెపాసిటర్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే గ్రౌండ్ తీగ చూడండి. రెక్టిఫయర్ తీగ ముందు కెపాసిటర్ మైనస్‌కే చేరాలి, సిగ్నల్ గ్రౌండ్ అక్కణ్నించి విడిగా బయల్దేరాలి. రెండూ ఒకే తీగ మీద ప్రయాణిస్తే ఛార్జింగ్ కరెంటు దెబ్బలు సిగ్నల్లోకి దిగుతాయి. పుష్‌పుల్ కాబట్టి రెండు ఈఎల్34ల బయాస్ సమానంగా ఉందో కూడా చూడండి, అసమానమైతే సప్లై రిపుల్ ట్రాన్స్‌ఫార్మర్లో రద్దు కాదు.

లోపల చేయి పెట్టే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్‌ను 10 కిలోఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసుకోవాలి. అక్కడ 400 వోల్టుల పైనే ఉంటుంది.

ఓంకారం | పోస్ట్ 18

హమ్ ఉన్నంతవరకు ఏబీఎక్స్ చెల్లదు, ఎక్స్ ఏదో నిశ్శబ్దమే చెప్పేస్తోంది. అలాగని దాన్ని కప్పిపెట్టొద్దు, అది కూడా రెండు యాంప్‌ల మధ్య నిజమైన తేడానే. మరమ్మతు అయ్యేదాకా పాట మధ్యలోంచి ముక్కలు తీసుకుని, నిశ్శబ్దం రాని చోట్లే మార్చి వినండి.

మంద్రశ్రుతి | పోస్ట్ 19

బయాస్ చూశాను, ఒక వాల్వు 38 మిల్లీయాంపియర్లు, దాని జంట 27. రెండూ 35కి తెచ్చాక "జ్‌జ్" సగానికి పైగా తగ్గింది, మీటర్ 0.5 మిల్లీవోల్టులు. గ్రౌండ్ తీగ ఇంకా ముట్టుకోలేదు.

4 ఓమ్స్ ట్యాప్ మీద వాల్వు యాంప్ రీడింగులు, 1 కిలోహెర్ట్జ్ 2.83కి కలిపాక: 65 దగ్గర 2.98, 180 దగ్గర 2.59, 2500 దగ్గర 2.95, 10000 దగ్గర 2.69. పాత తేడాలు దాదాపు సగమయ్యాయి. మగ గొంతులో ఇంతకుముందు లోపించిన బరువు తిరిగొచ్చింది, మృదంగం తొప్పి కాస్త బిగిసింది. స్పీకర్లను ఈ ట్యాప్ మీదే ఉంచుతున్నాను. గ్రౌండ్ తీగ మార్చాక 16 సార్ల ఏబీఎక్స్ రీడింగులు ఇక్కడే పెడతాను.